వెనక సీట్లో కూర్చునే మేస్త్రి

కోవూరులో నా కారు చూసే మేస్త్రిగారు పోయిన నెల చనిపోయారు. ఆదివారం ప్రార్థన ముగించుకుని చర్చి మెట్లు దిగుతుంటే ఆయన భార్య ఫోన్ చేసింది. "టీచరమ్మా, మేస్త్రి లేడు. తెల్లారి పోయినాడు" అంది. ఆమె కూడా భర్తను మేస్త్రి అనే అనేది. నాకు ఏడుపు రాలేదు. ముందు గుర్తొచ్చింది ఆయన ముఖం కూడా కాదు, షెడ్డు గుమ్మం పక్కనుండే ఊక బస్తా. గ్రీజు చేతుల్ని ఆయన వడ్ల ఊకతోనే రుద్దుకునేవారు. సబ్బు పెద్దగా నచ్చేది కాదు.

నేను నెల్లూరులో పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన మనిషిని. పెళ్ళి చేసుకోలేదు. నాకున్నది ఒక పాత అంబాసిడర్. ముప్ఫై ఏళ్ళుగా నేనే నడుపుతున్నాను. అది ఉన్నంతకాలం ఎక్కడికి వెళ్ళాలన్నా ఎవరినీ అడగక్కర్లేదు. భుజం నొప్పి ముదిరి ఆ బరువు స్టీరింగు తిప్పడం నావల్ల కాకపోయేసరికి, మద్రాసులో ఒక షెడ్డులో దానికి ఏదో వ్యానుది పవర్ స్టీరింగు పెట్టించాను. పెట్టినవాళ్ళు చిటికెన వేలితో తిప్పి చూపించారు. నేనూ మురిసిపోయాను.

ఆ మురిపెం తిరుగు దారిలో తడ ఊరు దాటేదాకా ఉంది. హైవే మీద లారీ ఒకటి దాటిపోతే గాలికి కారు కాస్త పక్కకు జరిగింది. పాత అలవాటు కొద్దీ స్టీరింగు సరిచేశాను. అంతే, కారు ఒక్క ఉదుటున రోడ్డు దిగి కంకరలో ఆగింది. దెబ్బలేమీ తగల్లేదు కానీ చేతుల్లో ధైర్యం పోయింది. రెండు నెలలు కారు పట్టా కప్పుకుని ఇంటి ముందే ఉంది. "అమ్మేయక్కా, ఎక్కడికి కావాలంటే అక్కడికి నేను దించుతా గదా" అన్నాడు మా తమ్ముడు. మంచి మనసుతోనే అన్నాడు. నాకు మాత్రం ఆ మాట వింటే భయమేసింది.

చర్చి పెద్ద ఒకాయన ఈ మేస్త్రిగారి సంగతి చెప్తే, పెన్న వంతెన మీద నత్తలా నడుపుకుంటూ కోవూరు వెళ్ళాను. మేస్త్రిగారు కారు చుట్టూ ఒకసారి తిరిగి, వెనక తలుపు తీసుకుని కూర్చున్నారు. "పోనీండి" అన్నారు. మీరే నడిపి చూడండి అంటే తల అడ్డంగా ఊపారు.

"నడిపేది మీరు గదా టీచరమ్మా. నేను నడిపితే నాకేం తెలస్తది?"

కళ్ళు మూసుకుని కూర్చుని, మలుపు తిరిగిన ప్రతిసారీ "ఎట్టుండాది? చేతికి రోడ్డు తెలస్తా ఉండాదా?" అని అడిగేవారు. తెలియడం లేదు, నీళ్ళలో చెయ్యి తిప్పినట్టుంది అన్నాను. "మరీ తేలికైతే అంతే. రోడ్డు చేతికి తెలవాల" అన్నారు.

మొదట ముందు చక్రాల వాలు సరిచేశారు, మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తనే నేరుగా వచ్చేలా. తర్వాత పంపు విప్పారు. లోపలి కవాటంలో సన్నటి వాషరు ఒకటి చేరిస్తే స్ప్రింగు సడలి, నూనె ఒత్తిడి తగ్గి, స్టీరింగు కాస్త బరువెక్కుతుందట. ఎన్ని వెయ్యాలో కొలతేమీ లేదు. వారానికి ఒకటి వేసి, వెనక సీట్లో కూర్చుని నన్ను అడగడమే. కాలిపోతున్న రేడియేటరు మీద చెయ్యి ఆనించి తాపీగా మాట్లాడేవారు. కాకలు తీరిన చెయ్యి అనుకునేదాన్ని.

మూడో శనివారం నేనొక తప్పు చేశాను. అప్పటికే మధ్యాహ్నం రెండు దాటింది. ఆయన ఇంకా అన్నం తినలేదు, మోకాళ్ళ మీద కూర్చుని రెండుసార్లు పంపు విప్పి బిగించారు. మళ్ళీ "ఎట్టుండాది?" అంటే, ఆ మనిషిని చూసి లేదనడానికి నోరు రాక "బాగుందన్నా" అనేశాను. ఆయన బానెట్ మూసేశారు. తిరిగొస్తుంటే వంతెన మీద గాలికి కారు మళ్ళీ తేలింది. పక్కనే భార్యాభర్తలు స్కూటరు మీద వెళ్తున్నారు. జానెడు దూరంలో తప్పించుకున్నారు.

మరుసటి శనివారం వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కోప్పడలేదు. ఊక చేతిలోకి తీసుకుని చాలాసేపు రుద్దుకున్నారు.

"నా మొగం చూసి చెప్పినారు. నేనడిగింది మీ చేతిని టీచరమ్మా."

ఇంకో రెండు వాషర్లు పడ్డాక స్టీరింగు కుదిరింది. భుజానికి నొప్పి లేకుండా, చేతికి రోడ్డు తెలిసేంత బరువు. ఇప్పుడు తిరుపతికి కూడా ఒక్కదాన్నే వెళ్ళొస్తున్నాను.

మేస్త్రిగారు పోయిన మూడో రోజు పలకరించడానికి వెళ్తే ఆయన భార్య షెడ్డు ముందు కుర్చీ వేసింది. మాటల్లో చెప్పింది.

"షుగరుకు వేళ్ళు మొద్దుబారి నాలుగేండ్లాయెనమ్మా. వేడి, చలి ఏందీ తెలిసేది కాదు. బోల్టు కంటితో చూసి బిగించేవాడు. బండి స్టీరింగు పట్టుకోడం మానేసినాడు. ఎవురికీ చెప్పనియ్యలా. మీరు మొగమాటానికి బాగుందన్నారని తెలిసినరోజు ఇంటికొచ్చి అన్నం ముట్లేదు. 'నా చేతులు బాగుంటే ఆమెను అడిగే పనేముండాది? ఆమెకేమన్నా అయ్యుంటే' అంటా కూచున్నాడు."

ఆయన నన్ను మర్యాదకు అడుగుతున్నారనుకున్నాను. తన దగ్గర లేనిదాన్ని నా దగ్గర అడిగి తీసుకుంటుంటే, నేను ఆయనకు మర్యాద చేశాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

లేచి వచ్చేశాను. ఊక బస్తా మూతి కట్టేసి ఉంది. వంతెన ఎక్కేముందు మలుపులో అలవాటుగా వేగం తగ్గించి, వెనక సీటు నుంచి ఆ ప్రశ్న కోసం ఒక్క క్షణం ఆగాను. తర్వాత పట్టు వదులు చేశాను. స్టీరింగు నా రెండు అరచేతుల కింద మెల్లగా జారుతూ నేరుగా వచ్చి నిలబడింది. కింద రోడ్డు, గరుకుగా, చేతికి తెలుస్తూనే ఉంది.