ఇంకా నానలే!

ప్రపంచాన్ని నానబెట్టడానికే పుట్టారు మా సైన్సు మాస్టారు రాజం సారు. కంటపడిందల్లా నీళ్లలో పడాల్సిందే. కిస్మిస్, శనగలు, ఆలుగడ్డ ముక్కలు, ఒకసారి హెడ్మాస్టరు గారు ఇంటికని కొనుక్కున్న కీరదోసకాయ.

అది డెబ్బై మూడు. గోదావరిఖనిలో మా బడి గోడల నిండా బొగ్గు దుమ్ము, తొమ్మిదో తరగతి కిటికీ నిండా సారు గాజు గ్లాసులు. పొద్దుటి ఎండ పడితే ఒక్కో గ్లాసులో ఒక్కో చిన్న గోదారి వెలిగేది.

చాయ్ హోటల్ ఖాజా భాయ్‌కి సారంటే భయం. "సార్, బిస్కెట్ ముంచుడైతే ముంచున్రి. గంటసేపు గట్ల చూసుకుంట కూసోకున్రి. గిరాకీ మొత్తం మీ సుట్టే నిలవడుతున్నది!"

ఆ డిసెంబరులో ద్రవాభిసరణం పాఠం వచ్చింది. మంచినీళ్లలో వేసిన ఎండు కిస్మిస్ ఉబ్బుతుంది. ఉబ్బినదాన్ని చిక్కటి చక్కెర నీళ్లలో వేస్తే ముడుచుకుంటుంది. రెండు రోజుల పని. సోమవారం కిస్మిస్ గ్లాసులో పడింది.

మంగళవారం క్లాసు లీడరుగా నేనే లేచాను. "సార్, ఉబ్బింది!"

సారు గ్లాసెత్తి వెలుగులో చూశారు. "ఇంకా నానలే."

"పగిలేటట్టున్నది సార్!"

"నువ్వే నానలే. కూసో."

శుక్రవారానికి గ్లాసులో నీళ్లు పులిసి బుడగలు తేలాయి. సారు వాటిని పారబోసి కొత్త కిస్మిస్ వేశారు. హెడ్మాస్టరు లింగమూర్తి గారు తల పట్టుకున్నారు.

"రాజం సారూ, వచ్చే బుధవారం పరీక్ష. పక్క సెక్షనోళ్లు పాఠాలన్నీ ఒడగొట్టిన్రు. మీరింకా కిస్మిస్ కాడనే ఉన్నరా?"

"నానాలె గద సార్!"

మళ్లీ సోమవారం మా క్లాసు ఐలవ్వ బడికి వచ్చింది. అంతకుముందు వారమంతా రాలేదు. వాళ్ల నాయిన ఎల్లేశం గనిలో బొగ్గు కొట్టే మనిషి. దసరా ముందే వచ్చి, "ఈసారి ఫేలైతే బడి బంద్ సారూ, ఇంటికాడ చిన్నోన్ని వట్టుకుంటది" అని చెప్పి వెళ్లాడు.

సారు గ్లాసెత్తారు. "నానింది!"

ఆ గంటలో ఆయన నీళ్లలా ప్రవహించారు. సన్నటి పొరలోంచి నీళ్లు పల్చటి వైపు నుంచి చిక్కటి వైపుకి ఎట్లా నడుస్తాయో చూపించారు.

"ఐలవ్వా, మామిడికాయ ముక్కలకు ఉప్పు వెడితే నీళ్లెందుకూరుతయే?"

"బైట ఉప్పు శానుంటది సార్. ముక్కల నీళ్లు అటు గుంజుకపోతయి."

బుధవారం పరీక్షలో సరిగ్గా అదే అడిగారు. ఐలవ్వ సైన్సులో నన్నే దాటేసింది. ఎల్లేశం వచ్చి సారు చేతిలో అరకిలో కిస్మిస్ పెట్టి పోయాడు.

దాచడానికని నేను క్లాసులోని సారు బీరువా తెరిచాను. తలుపు లోపల సారు చేతిరాతతో ఒక కాగితం అంటించి ఉంది: 'ఎల్లేశం, ఫస్టు షిఫ్టు'. కింద వరసగా తేదీలు. ఆ వారాల్లో తండ్రి పొద్దున్నే గనికి, తల్లి కూలికి. తమ్ముడు ఐలవ్వ చంకకి. జూన్ నుంచి మా క్లాసులో ఏదీ నానని వారాలన్నీ అవే.

"సార్, కిస్మిస్‌కు గూడ షిఫ్టులుంటయా?"

సారు కాగితం వైపు చూశారు, నా వైపు చూశారు. బీరువా తలుపు మెల్లగా మూసేశారు.

"ఇప్పుడు నానినవ్‌రా. పో, గ్లాసులు కడుగు."