నలభై అడుగుల గుల్లలు

మా అన్నయ్య బావులు తవ్వేవాడు. ఎన్ని తవ్వాడో అడిగితే తలగోక్కునేవాడు గానీ, ఏ బావిలో ఎన్నో అడుగున ఏ మట్టి తగిలిందో మాత్రం తడుముకోకుండా చెప్పేవాడు. రోజూ సాయంత్రం పైకి ఎక్కే ముందు బావి అడుగును చీపురుతో శుభ్రంగా ఊడ్చేవాడు.

"ఇంట్లో చీపురు ఎక్కడుంటుందో తెలీదు, బావికి మాత్రం ముస్తాబు!" అనేది వదిన.

"ఊడ్చి ఎక్కితే, పొద్దున అడుగున కనపడిందల్లా గోడ నుంచి రాలిందేనని తెలుస్తుందే. లేకపోతే నా నెత్తిన పడ్డాకే తెలిసేది."

ప్రార్థన మందిరంలో ఒక గాజు సీసా ఉండేది. ఇరవై రెండేళ్ల కిందట ఒక బావిలో, నలభై అడుగుల లోతున, అన్నయ్యకు దొరికిన నత్తగుల్లలు అందులో ఉన్నాయి. నోవహు నాటి జలప్రళయం భూమినంతా కలియబెట్టింది కాబట్టే నీటి జీవాలు అంత లోతున పూడుకుపోయాయని పాస్టరు గారు ఏటా ఆ సీసా ఎత్తి చూపేవారు. "తవ్వినవాడు మన మధ్యే ఉన్నాడు" అనేవారు. అందరూ వెనక్కి తిరిగేవారు. అన్నయ్య మెడ నిటారుగా లేచేది.

ఆ ఏడు మందిరం వెనకే కొత్త బావి మొదలుపెట్టాడు. అదే నెలలో పాస్టరు గారు ఓడ నమూనాతో, పటాలతో ప్రళయ రుజువుల ప్రదర్శన తలపెట్టారు. బడిపిల్లలు వస్తారు. సీసా నట్టనడుమ ఉంటుంది.

కొత్త బావిలో పన్నెండో అడుగున జానెడు మందాన గుల్లల పొర తగిలింది. దాని కింద ఒక్క గుల్ల లేదు. ముప్పై అడుగులు దాటాక, రాత్రి వాన కురిసిన ఒక ఉదయం దిగి చూస్తే, ఊడ్చి వెళ్లిన అడుగున గుప్పెడు గుల్లలు! తలెత్తి చూశాడు. పన్నెండో అడుగు దగ్గర గోడ పెచ్చు ఊడి ఉంది.

పని ఆపేసి ఇంటికొచ్చాడు.

"సీసాలో గుల్లలు నేను తెచ్చిందెప్పుడే?"

"పాప పుట్టిన మర్నాడు. ముందురోజు నాకు నొప్పులని కబురు రాగానే ఉన్నపళంగా బావి ఎక్కి పరిగెత్తుకొచ్చారుగా!"

అన్నయ్య కూలబడ్డాడు. "ఊడవలేదే ఆ రోజు. ఆ బావిలోనూ పన్నెండో అడుగున గుల్లల పొర ఉంది. రాలిన గుల్లలు తవ్విన మట్టిలో కలిసిపోయాయి. నలభై అడుగులవని నేనే చాటాను."

"ఇన్నేళ్లకి ఇప్పుడెందుకండీ? నవ్వుతారు."

"పిల్లలకి నా మాట మీద చూపిస్తారే."

పాస్టరు గారు వినగానే తేలిగ్గా తీసుకున్నారు. "పన్నెండైతే మాత్రమేం? నీళ్లు వచ్చినట్టేగా?"

"వచ్చాయి. ఎన్నిసార్లు వచ్చాయో దిగి చూద్దురు గాని రండి."

భారీ మనిషి. నిచ్చెన మూలుగుతుంటే దిగారు. అన్నయ్య గోడ గీకి చూపించాడు. "ఇది వరద తెచ్చిన వండ్రు. పైన చూడండి, నెర్రెలు. వాటిలోకి ఇసుక జారింది. ఎండకుండా నేల నెర్రెలిస్తుందా? ఇవి గడ్డివేళ్లు దిగిన బొక్కలు. మీద మళ్లీ వండ్రు, మళ్లీ నెర్రెలు. ఏడుసార్లు లెక్కపెట్టాను. ప్రళయం ఒక ఏడాదిలో తగ్గిపోయిందని మీరే చదువుతారు. ఏడుసార్లు ముంచి, ఎండి, గడ్డి మొలవడానికి ఆ ఏడాది చాలుతుందా?"

పాస్టరు గారు ఒక్కో నెర్రెలో వేలు పెట్టి చూశారు.

"మరి ఓడ?"

"నాకు తగల్లేదండి. తగిలితే ముందు మిమ్మల్నే కేకేస్తా."

ఆయన నవ్వు బావి అంతా మోగింది. "నా నమ్మకం ఆ సీసాలో లేదయ్యా. అందులో ఉన్నది నీ మాటే. ఆదివారం నువ్వే చెప్పు."

నిండు మందిరంలో అన్నయ్య సీసా పట్టుకుని నిలబడ్డాడు. "నలభై అడుగులని చెప్పింది నేనే. అది తప్పు. ఎలా పొరబడ్డానో కూడా చెబుతాను." అంతా చెప్పాడు. వెనక వరుసలోంచి ఒక ముసలాయన లేచాడు.

"మరి ఈ కొత్త బావి మాటైనా నిజమేనా?"

"నా మాట నమ్మొద్దు పెద్దయ్యా. దిగి చూడండి."

దిగారు. ప్రదర్శన రోజున బడిపిల్లలూ వచ్చారు, పంతుళ్లూ వచ్చారు. ఓడ నమూనా దగ్గర కంటే నిచ్చెన దగ్గరే బారులు తీరారు. పాస్టరు గారు బావిలోనే ఉండిపోయి, వచ్చినవాళ్లకల్లా నెర్రెలు చూపిస్తున్నారు. మధ్యాహ్నం వేళ లోపల్నుంచి ఆయన కేక వినపడింది.

"ఏడు కాదయ్యా! ఎనిమిది! అడుగునున్నది నువ్వు చూడలేదు!"

అన్నయ్య ఒప్పేసుకోలేదు. తానే దిగాడు. గీకాడు, తడిమాడు, మొదటినుంచీ మళ్లీ లెక్కపెట్టాడు. ఒంటినిండా బురదతో పైకొచ్చి, రెండు చేతులూ ఎత్తి, ఎదురుచూస్తున్న జనానికి వినపడేలా అరిచాడు.

"ఎనిమిదే!"