ఆటు వేళ అడిగిన ప్రశ్నలు

మాది చంద్రగిరి. మాకు కోట ఉంది, కొండ ఉంది, వేసవిలో నీళ్ల కటకటా ఉంది. సముద్రం మాత్రం ఉండేది కాదు. జిల్లాలను మళ్లీ కోసి కుట్టినప్పుడు గూడూరు వైపంతా తిరుపతిలో కలిసి, కాసింత సముద్రం కూడా మా వాటాకు వచ్చింది. మా నాయన దాన్ని ఇంతవరకూ కళ్లతో చూడలేదు. అయినా తానే సంతకం పెట్టి తెప్పించినట్టు వీధిలో అందరికీ చెప్పుకున్నాడు.

ఆ తీరం జనానికి ఏమేం మేలు చేస్తుందో కొలిచే సర్వేలో నాకు కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. నాకు ఈత రాదు. చేపల్లో వంజరానికీ పండుగప్పకూ తేడా తెలియదు. అవేవీ అవసరం లేదట. ఏసీ గదిలో కూర్చోబెట్టి మడ అడవులు తుఫానును ఎలా అడ్డుకుంటాయో చెప్పి, చేతిలో ఒక ట్యాబు పెట్టారు. ఈ తీరాన్ని చూస్తే మీ మనసుకు ఎంత ప్రశాంతంగా ఉంటుంది, ఒకటి నుంచి ఐదు లోపు చెప్పండి అనేది అందులో ఒక ప్రశ్న. అది రాసినాయన మిట్టమధ్యాహ్నం ఎవరినైనా స్వయంగా అడిగి ఉంటే మంచి తిట్లు తినేవాడు.

నవ్వులాట అక్కడి వరకే. నాకు అప్పగించిన ఊళ్లో ఉప్పుటేరు పక్కన, మడచెట్ల కింద పెద్ద బురద మేట ఉంది. దానికి కట్ట వేసి రొయ్యల చెరువులు తవ్వుకుంటామని కొందరు అడుగుతున్నారు. ఎవరూ వాడని చోటయితే ఇచ్చేస్తారు. వాడుతున్నారో లేదో మా ట్యాబు చెప్పాలి.

నేను వెళ్లేసరికి ఆటు. నీళ్లు తగ్గిన ఏట్లో, ఆ మేట అంచున ఆరుగురు ఆడవాళ్లు వంగి బురదలో చేతులాడిస్తున్నారు. పని చేసే చోటే అడగాలి, మూడుసార్లు అడిగినా పలక్కపోతే 'సమాధానం లేదు' అని నొక్కాలి అన్నది మా నిబంధన. గట్టు మీద నుంచి గొంతు చించుకున్నాను. ఒక అవ్వ తలెత్తి చూసి, మళ్లీ వంగింది. నీళ్ల మీద ఎండ మెరుస్తుంటే ఆమె ముఖం సరిగా ఆనలేదు. నాకు ఒళ్లు మండింది. ఎమ్మెస్సీ చదివి, మూడు బస్సులు మారి వచ్చిన మనిషితో ఒక్క మాటైనా పలకరా అనుకున్నాను. ఆరుసార్లు కసిగా నొక్కాను.

ఊళ్లో వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్లు మాత్రం అడగని వాటికి కూడా జవాబులిచ్చారు. తమ పడవలన్నీ ఏరు సముద్రంలో కలిసే వైపుకే పోతాయని, ఆ బురదలో తమకేం పని లేదని, ఆడవాళ్లు ఊరికే పోయి వస్తుంటారని చెప్పారు. అంతా రాసి పంపించేశాను. ట్యాబులోని మ్యాపు మీద ఆ మేట తెల్లగా మారింది. తెలుపంటే వాడకం లేదని అర్థం.

పోటు మొదలయ్యాక ఆడవాళ్లు గట్టెక్కారు. అప్పుడు చూశాను. ఒక్కొక్కరి పళ్ల మధ్యా ఒక తాటాకు బుట్ట, దాని నిండా రొయ్యలు. అవ్వ బుట్ట దించి, దవడలు రుద్దుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"ఏందో అరస్తా ఉంటివే పాపా. రెండు చేతులూ బురదలో ఉంటే బుట్ట యాడ పెట్టేది? నోరు తెరిస్తే బుట్ట పోతాది. బుట్ట పోతే ఆ పూట కూడు పోతాది."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. మా అధికారికి ఫోన్ చేస్తే, పంపింది పంపినట్టేనని, ఏమన్నా ఉంటే గ్రామసభలో చెప్పుకోమని అన్నాడు. ఆ సభను సరిగ్గా ఆటు వేళకే పెట్టారు. ఆ వేళ ఆడవాళ్లు ఎక్కడుంటారో పెట్టినవాళ్లకు తెలియదు, వాళ్ల మొగుళ్లకు గుర్తు రాలేదు.

సభ రోజు అధికారిని బతిమాలి ఏటి గట్టుకు తీసుకుపోయాను. ఆయనా మూడుసార్లు పిలిచాడు. ఎవరూ పలకలేదు. పోటు వచ్చేదాకా ఆగండి సార్ అన్నాను. మడచెట్టు నీడలో సణుగుతూనే కూర్చున్నాడు. దోమలు ఆయన్ను బాగానే వాడుకున్నాయి.

నీళ్లు పెరిగాయి. అవ్వ అందరికన్నా ముందు గట్టెక్కి బుట్ట దించింది. సమాధానం లేదని రాసింది ఎవరని అధికారి అడిగాడు. నేను నోరు విప్పేలోపే అవ్వ అందుకుంది.

"పాప అడిగింది సామీ. మేమే పలకలా. ఆ బిడ్డనేం అనొద్దు."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. కాళ్ల కింది బురద పోయేలా ఉంటే, ఈమె నా ఉద్యోగం కోసం నింద తన మీద వేసుకుంటోంది.

"లేదు సార్, నేనే ఆగలేదు" అన్నాను.

ఆరుగురినీ కూర్చోబెట్టి మొదటి నుంచి అడిగాం. మేట మీద తెలుపు పోయింది, కట్ట మాట ఆగింది. తప్పు రాసినందుకు నా కాంట్రాక్టు పొడిగించలేదు. నాకు కోపం రాలేదు. ఆ ఏటి దగ్గర ఎవరో ఒకరి పని పోక తప్పదంటే, అది నాదే కావాలి.