వయొలిన్ క్లాసుకి ఫీజు పెట్టిన రోజు

ఒక తల్లికి నేను అబద్ధం చెప్పాను. చిన్నదే. కానీ ఇన్నేళ్లయినా అది నా గుండెల మీంచి దిగలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకేనేమో మీకు చెప్పగలుగుతున్నాను.

నేను చదివింది పదో తరగతే. లెక్కలు మాత్రం సొంతంగా నేర్చుకున్నాను. కళింగపట్నం దగ్గర మా అమ్మాయి చదివిన బడిలో ఏ లెక్క తేలకపోయినా హెడ్‌మాస్టరమ్మ నన్నే పిలిచేవారు. ఆ బడికి విజయనగరం నుంచి ఒక మాస్టారు వారానికి రెండుసార్లు వచ్చి వయొలిన్ నేర్పేవారు. ఆయన జీతం ఒక దాత ఇచ్చేవాడు. ఉన్నట్టుండి మానేశాడు. ఇక పిల్లల దగ్గర ఫీజు తీసుకోవాలా, పాఠం ఆపేయాలా? చెప్పమని ఆవిడ నన్నడిగారు.

నెలకింతని అందరికీ ఒకే ఫీజు పెట్టమన్నాను. ఇవ్వలేనివాళ్లను విడివిడిగా పిలిచి అడుగుదామని ఆవిడ అన్నారు. అక్కర్లేదు, తల్లిదండ్రుల మీటింగులో చేతులెత్తమంటే తేలిపోతుందన్నాను. తేలదని నాకు తెలుసు. ఆ గదిలో బావలు, మరుదులు, వియ్యంకులు పక్కపక్కనే కూర్చుంటారు. వాళ్ల ముందు ‘నా వల్ల కాదు’ అని చెయ్యెత్తేవాళ్లు మా ప్రాంతంలో ఎవరుంటారు? ఒక్క చెయ్యీ లేవలేదు. అందరూ ఒప్పుకున్నట్టేనని రాసుకున్నారు.

మీటింగయ్యాక నూకాలమ్మ నన్ను గేటు దగ్గర ఆపింది. ఆమె భర్త వేటకెళతాడు, ఆమె చేపలమ్ముతుంది. ఆమె కూతురు గౌరి, మా అమ్మాయి బడి ఇచ్చిన ఒకే వయొలిన్‌ని వంతులేసుకుని వాయించేవారు.

“నెలనెలా అంటే ఎలాగ బాబూ? మాకు నెలలుంటాయేటి? సముద్రం ఇచ్చిన్నాడు ఉంటాది, లేన్నాడు లేదు. వేట బాగున్నప్పుడు ఒక్కసారే ఇచ్చేస్తాను.”

“మరి సెయ్యెత్తలేదేటమ్మా?”

“మా మరిది పక్కనే కూకున్నాడు. ఎత్తితే సచ్చేదాకా దెప్పుతాడు. నీకు తెల్దేటి? లెక్కలోడివి కదా. ఇంకో దారేటీ లేదా?”

“లేదమ్మా,” అన్నాను.

ఉంది. నెలజీతాలొచ్చే ఇళ్లవాళ్లు కాస్త ఎక్కువిచ్చి, వేటకెళ్లే ఇళ్లవాళ్లు చేపలు పడ్డప్పుడు ఇస్తే మాస్టారి జీతం సరిపోయేది. మీటింగుకి ముందే మనసులో లెక్క వేసి చూసుకున్నాను. పైకి చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదు? ఇక్కడే నాకు ఏమీ తేలదు. వసూళ్లు ఆలస్యమైతే మాస్టారు వెళ్లిపోతారని, అప్పుడు ఎవరికీ సంగీతం ఉండదని భయపడ్డానా? భయపడ్డ మాట నిజమే. కానీ గౌరి మానేస్తే వయొలిన్ మా అమ్మాయి ఒక్కదానికే మిగులుతుందన్న ఆలోచన కూడా అప్పుడే వచ్చిందా, లేక తర్వాత నన్ను నేను తిట్టుకోవడానికి దాన్ని వెనక్కి తీసుకెళ్లి అక్కడ పెట్టుకున్నానా? ఎన్నిసార్లు తరచి చూసుకున్నా ఒక్కోసారి ఒక్కో జవాబు వస్తుంది. లెక్కయితే అలా రాకూడదు కదా?

ఆ నెలాఖరుకే గౌరి మానేసింది. వయొలిన్ మా అమ్మాయికే మిగిలింది. రెండేళ్లు వాయించి, విసుగొచ్చి అదీ వదిలేసింది. పాఠం మాత్రం ఆగలేదు. ఆ బడిలో ఇప్పటికీ నడుస్తోంది. నా వల్లే నిలిచిందని కొందరంటారు. వాళ్లది తప్పని చెప్పలేను. ఒప్పని ఒప్పుకోనూ లేను.

గౌరి ఇప్పుడు ఎచ్చెర్లలో పెద్ద చదువు చదువుతోందట. నూకాలమ్మే సంబరంగా చెప్పింది. అయితే ఏ నష్టమూ జరగలేదా? జరగలేదనుకుంటే ఒక పూట తేలికగా ఉంటుంది. ఆ తర్వాత, ఆ పిల్ల వాయించేటప్పుడు మాస్టారు చేత్తో తాళం వెయ్యడం మానేసి ఊరికే వినేవారన్నది గుర్తొస్తుంది. మా అమ్మాయి వాయించేటప్పుడు ఆయన అలా ఎప్పుడూ వినలేదు.

నూకాలమ్మ ఇప్పటికీ మా వీధిలోకి చేపలు తెస్తుంది. నేను బేరమాడను. నాలాంటి మంచివాడు ఈ వీధిలో లేడని మా ఆవిడతో అంటుంది, రెండు చేపలు ఎక్కువేస్తుంది. నేను తీసుకుంటాను. తింటాను కూడా.

ఆమెకు చెప్పాలి. చెబితే తిడుతుందేమోనని భయం. తిట్టకుండా, పోనీలే బాబూ అంటుందేమోనని కూడా భయం. ఈ రెండింటిలో ఏది పెద్ద భయమో తెలియడం లేదు. తెలిశాక రాద్దామనే ఇన్నాళ్లూ ఆగాను. ఇవాళ తెలియకుండానే రాసేశాను. ఊపిరి కాస్త లోపలిదాకా వెళుతోంది. అంతవరకే.