వేపచెట్టు చాటున నేను

సౌదీలో దమ్మామ్ దగ్గర ఒక కాలేజీలో నేను తోటపని మేస్త్రీగా ఉండేవాణ్ని. అక్కడి చెట్ల మధ్య ప్రొఫెసర్లు డిస్క్ గోల్ఫ్ ఆడేవారు. పళ్లెం లాంటి ప్లాస్టిక్ డిస్క్‌ను విసిరి, దూరంగా ఉన్న గొలుసుల బుట్టలో వేయాలి. కొమ్మలు కొట్టేటప్పుడు దొరికిన డిస్క్‌లను ఆఫీసులో అప్పగించాలి. నేనొకటి దాచుకున్నాను.

ఒక శుక్రవారం సెలవు పూట నేనూ, నాతో తోటపని చేసే మా జగిత్యాల మల్లేశూ ఆడాం. నేను విసిరిన డిస్క్ మా హైదరాబాదీ మేనేజర్ కారు అద్దం పగలగొట్టింది. మల్లేశ్ పరుగెత్తి దాన్ని తీశాడు. అప్పుడే మేనేజర్ వచ్చి, వాడి చేతిలో డిస్క్ చూశాడు.

"నీ సెలవు క్యాన్సిల్!"

వారంలో మల్లేశ్ సెలవు మీద ఇంటికి ప్రయాణం. పుట్టిన కూతుర్ని వాడింకా చూడలేదు. అయినా నేను పక్కనున్న వేపచెట్టు చాటున దాక్కుని, బయటికి రాలేదు.

"నా పేరెందుకు చెప్పలేదురా?" అన్నాను తర్వాత.

"నువ్వే చెప్తవనుకున్న అన్నా."

మర్నాడు పొద్దున్నే మేనేజర్ ఆఫీసుకెళ్లాను. "డిస్క్ దాచింది, ఇసిరింది నేనే సార్. వాణ్ని ఇంటికి పంపుండ్రి."

"కూలోళ్లకు ఆటలేంది?"

"ఆ చెట్లకు ఎనిమిదేండ్లు నీళ్లు పోసినం. సెలవునాడు వాటి నీడల ఆడితే తప్పేంది?"

మల్లేశ్ ఇంటికెళ్లాడు. నన్ను రియాద్‌లో సులై అనే చోట, చెట్టన్నది లేని గోదాముకు మార్చారు. దాచినందుకు, దాక్కున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. ఆడినందుకు మాత్రం పడను.