అరుణాదేవి గారి పెద్ద ముద్ద

అరుణాదేవి గారు ఇప్పుడు బాగున్నారు. ఆ మాట ముందే చెప్పేస్తే నాకు హాయిగా ఉంటుంది. ఈ ఊళ్లో నాకు మొదట అన్నం పెట్టిన చెయ్యి ఆవిడది.

రెండు వేల నాలుగులో జావా నేర్చుకోవడానికి అమీర్‌పేట వచ్చి, మైత్రీవనం వెనక సందులో ఆవిడ నడిపే లేడీస్ హాస్టల్లో దిగాను. ఆవిడది భీమవరం. భర్త పోయాక ఇంటినే హాస్టల్ చేసి కొడుకు ప్రమోద్‌ను ఇంజినీరింగ్ చదివిస్తుండేది. నోరు గట్టిది. కానీ సాయంత్రమైతే బేసిన్‌లో గోంగూర అన్నం కలిపి, చుట్టూ కూర్చున్న మా అరచేతుల్లో ముద్దలు పెట్టేది. ఏడ్చేవాళ్లకు పెద్ద ముద్ద. ఇంటర్వ్యూల్లో తప్పి నేను చాలా పెద్ద ముద్దలే తిన్నాను.

ఆ వేసవిలో ముద్దలు ఆగిపోయాయి. ఎవరికి వాళ్లే వడ్డించుకోమంది. తన కంచం, గ్లాసు వేరే పెట్టుకుంది. పైగా రోజూ మల్లెపూలు కొంటోంది. భర్తతోనే పూలు మానేసిన మనిషి కదా, ఎందుకని అడిగితే దేవుడికంది. పటానికి చూస్తే ఒక్క మందారమే ఉంది. మేం నవ్వుకున్నాం.

ఒక ఉదయం ఉతకడానికి తీసిన ఆవిడ జాకెట్టులో నలిగిన మల్లెలు కనిపించాయి. నా నవ్వు ఆగిపోయింది. మా అక్క బిడ్డకు పాలు మాన్పించినప్పుడు, పాలు ఇంకిపోవాలని అమ్మ అక్క రొమ్ములకు మల్లెలే కట్టింది. మా వైపు అందరూ చేసేదే. కానీ ఈవిడ కొడుక్కు మీసాలొచ్చాయి.

వంటింటి తలుపేసి అడిగాను. మొదట గయ్యిమంది. తర్వాత గ్రైండర్ ఆపి చెప్పింది. ఎడమ రొమ్ములో గడ్డ ఉందట, నొప్పి లేదట. ప్రమోద్ తర్వాత పుట్టిన పాప పురిట్లోనే పోయిందట. ఆ పిల్ల తాగని పాలే గడ్డకట్టి ఉంటాయట. ఆ జబ్బు మాత్రం కాదట, బిడ్డకు పాలిచ్చిన తల్లికి అది రాదట.

"మరి కంచం వేరే ఎందుకు పెట్టుకున్నారు ఆంటీ?"

"ఒకవేళ అదే అయితే? మీకంటుకుంటే మీ అమ్మలకి ఏం చెప్పను? తెలిస్తే మీరుంటారా ఇక్కడ?"

నాకు కోపమొచ్చింది. క్లాసు ఎగ్గొట్టి, ఆటో పిలిచి పంజాగుట్ట ఆసుపత్రికి తీసుకెళ్లాను. దారంతా నన్ను తిడుతూనే ఉంది, నా చెయ్యి మాత్రం వదల్లేదు.

పరీక్షల్లో అదేనని, క్యాన్సరేనని తేలింది. పాలివ్వడం మంచిదే గానీ, ఇచ్చినవాళ్లకూ వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. ఇది అంటుకునే జబ్బు కాదంది. ఇంకా పాకలేదు, నయం చేయొచ్చంది. అరుణాదేవి గారు అడిగింది ఒక్కటే.

"అయితే ఇది మా పాప పాలు కాదా అండీ?"

కాదమ్మా అనగానే ఏడ్చింది. ఆ పిల్ల మళ్లీ పోయినట్టే ఏడ్చింది.

ఆపరేషన్ జరిగింది. సంగతి తెలిసి ఒకమ్మాయి హాస్టల్ ఖాళీ చేసింది. మిగతావాళ్లం ఎక్కడికీ పోలేదు. ఆవిడ ఇంటికొచ్చి మళ్లీ ఆ వేరే కంచమే తీసుకుంది. కరీంనగర్ పిల్ల మంజూష దాన్ని లాక్కుని మా కంచాల్లో కలిపేసి, గోంగూర, అన్నం వేసిన బేసిన్ తెచ్చి ముందు పెట్టింది.

"జర మీ చేత్తోనే కలుపుర్రి ఆంటీ. మస్తు ఆకలైతుంది."

అందరం అరచేతులు చాపాం. ఆవిడ బేసిన్ దగ్గరికి జరుపుకుంది. తర్వాత కుడిచేత్తో మెల్లగా కలిపి, మొదటి ముద్ద నాకు పెట్టింది. చేతిలో పట్టనంత పెద్దది.

"నేనేం ఏడవట్లేదు కదా ఆంటీ," అన్నాను.

"నేను ఏడుస్తున్నాగా, తిను," అంది.