ఊడ్చిన విప్పపువ్వు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌ని. ఇంజనీరింగ్ చదివానన్న పొగరు ఇంకా దిగలేదు. పినపాక వైపు అడవి రోడ్డు మీద కారూ సైకిలూ ఎదురెదురుగా ఢీకొన్నాయి, వెళ్ళి చూసి రిపోర్టు ఇమ్మన్నారు. సైకిలు మీద వస్తున్న కోయ రైతు కాలు విరిగి దవాఖానాలో ఉన్నాడు. తప్పు ఎవరిదని నేను రాస్తే కేసు వాళ్ళ మీదికే పోతుంది.

నేను వెళ్ళేసరికి మర్నాడు పొద్దెక్కింది. హెడ్ కానిస్టేబుల్ అప్పటికే అంతా తేల్చేశాడు. సైకిలు వెనక విప్పపువ్వు గంప ఉందట. ఆ పువ్వంతా కారు వెళ్ళాల్సిన ఎడమ వైపు రోడ్డంచున కుప్పగా ఉంది.

"పువ్వు ఏడుంటే సైకిలు ఆడున్నట్టే గద సార్. రాంగ్ సైడ్ వచ్చి గుద్దిండు. సైకిలాయన గూడ ఒప్పుకున్నడు," అన్నాడు.

నాకూ సబబుగానే తోచింది. ఒక్కటే మనసులో పీకుతోంది. కారుకు పగిలింది కుడి లైటు. ఆ అంచున ఉన్న సైకిలు కుడి లైటుకు తగలాలంటే కారు సగం అడవిలోకి దిగి ఉండాలి. మట్టిలో టైరు జాడే లేదు. అయినా నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు కదా. నేల గట్టిది, జాడ పడలేదులే అని నాకు నేనే సర్దిచెప్పుకుని, జీపు బానెట్ మీద కాగితం పెట్టి రాసేశాను. ఇక సంతకమే మిగిలింది.

అప్పుడొక ముసలామె వచ్చి నిలబడింది.

"సారూ, మీ పని అయితే గా పువ్వు ఎత్తుకపోత. దెబ్బ తగిలినోళ్ళింట్ల ఇయ్యాలె."

"పడ్డచోటే ఉండాలమ్మా, అది సాక్ష్యం," అన్నాను విసుగ్గా.

"ఈడ పడలే సారూ, ఆవల పడ్డది. బండ్లు తొక్కుతయని మేమే ఈవలకు ఊడ్చినం. ఇప్పపువ్వును తొక్కనిస్తమా?"

రోడ్డు దాటి అవతలి అంచున వంగి చూశాను. తారుకు అతుక్కుని నలిగిన పువ్వులు, పులిసిన తియ్యటి వాసన, వాటి చుట్టూ చీమల బారు. పక్కనే సైకిలు పెడల్ గీరిన తెల్లటి గాటు. రైతు తన ఎడమ అంచునే వచ్చాడు. అటు దూసుకొచ్చింది కారే. కుడి లైటు ఎందుకు పగిలిందో ఇప్పుడు ఎవరూ సర్దిచెప్పనక్కర్లేదు.

"నిన్నటిసంది చీమలు పట్టే ఉన్నయి. మీరు ఇటు రాలేదు గద," అంది ఆమె మామూలుగా.

హెడ్ కానిస్టేబుల్ టేపు తీసి మళ్ళీ కొలవడం మొదలుపెట్టాడు. నేను కాగితం చింపేశాను. సంతకం పెట్టలేదు కదా అని ఒళ్ళంతా తేలికైపోయింది.

మధ్యాహ్నం దవాఖానాకు వెళ్ళాను. అది నా డ్యూటీ కాదు, ఉండబట్టలేక వెళ్ళాను. రైతు కాలికి కట్టుతో పైకప్పు చూస్తూ పడుకుని ఉన్నాడు. పక్కన భార్య.

"నువ్వు నీ పక్కనే వచ్చావు. తప్పు కారుది. మరి ఎందుకు ఒప్పుకున్నావయ్యా?" అన్నాను.

"ఏం యాదికి లేదు సారూ. సదువుకున్నోళ్ళు చూసి చెప్తాన్రు, నేనే అటు పోయిన్నేమో అనుకున్న."

పక్కన కూర్చుని, ఊడ్చిన పువ్వు సంగతి చెప్పాను. విని ఆయన, "అయితే నేను సక్కగనే వచ్చిన్న," అని భార్య వైపు తిరిగి తమ భాషలో మళ్ళీ చెప్పాడు. నిన్నటి నుంచీ ఆయనకు కునుకే లేదని ఆమె చెప్పింది. మేం చూస్తుండగానే నిద్రపోయాడు.